చెరువు నీటి నాణ్యతను కాపాడే పనిలో ప్రభుత్వ శాఖలకు అపార్టుమెంటు నివాసులు ఏ విధంగా తోడ్పడగలరు? (బెంగళూరు)

ప్రశ్న: సర్జాపుర నివాసి

మాది సర్జాపుర రోడ్డుకు కొంత లోపలగా ఉన్న అపార్టుమెంటు సముదాయం. నివాసుల్లో సగానికి పైగా తెలుగువాళ్లమే. మా ప్రహరీని ఆనుకుని ఒక చిన్న చెరువు ఉంది. వర్షాలు బాగా పడితే అలుగు పారుతుంది. వేసవిలో కూడా ఎండిపోదు గాని, నీరు నల్లబడి, తెల్లవారుజామున కిటికీలు తెరవలేనంత వాసన వస్తుంది. మొన్నటి మార్చిలో చేపలు గుంపులుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి.

సంఘం తరఫున ఆదివారాలు ప్లాస్టిక్ ఏరుతున్నాము, కట్ట మీద మొక్కలు నాటుతున్నాము. చెరువు బాధ్యత చూసే అధికారి ఈమధ్య కలిసినప్పుడు, తమకు సిబ్బంది చాలా తక్కువనీ, ఇంతమంది చదువుకున్నవాళ్లు ఉన్నచోట మావల్ల అయ్యే సాయం ఏదైనా ఉంటే చేయమనీ మర్యాదగానే అడిగారు. ఏం చేయాలన్న విషయంలో మాలో మాకే పొత్తు కుదరడం లేదు. ప్రైవేటు ల్యాబులో నీటిని పరీక్ష చేయించి ఆ నివేదికతో కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేద్దామని కొందరు అంటున్నారు. ఒక కంపెనీ వాళ్లు వచ్చి, తాము అమ్మే బ్యాక్టీరియా ద్రావణం చల్లితే కొన్ని వారాల్లో నీరు తేటపడుతుందని చెప్పడంతో, సంఘం నిధిలోంచి దానికి ఖర్చు పెడదామని మరికొందరు పట్టుబడుతున్నారు. ఇటువంటి పనిలో అనుభవం ఉన్నవారు దారి చూపగలరా?

జవాబు 1: విశ్రాంత ఇంజనీరు (నీటి పరీక్షల రంగం)

అధికారి తనంతట తాను సాయం అడగడం అరుదు కాబట్టి ఆ అవకాశాన్ని వదులుకోకండి. ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ అక్కరకు వచ్చేది ఫైలులో పెట్టి పై అధికారికి చూపగలిగిన సమాచారం. ప్లాస్టిక్ ఏరడం మంచిదే గాని, మీరు వర్ణించిన వాసనకూ చేపల చావుకూ కారణం ప్లాస్టిక్ కాదు, మురుగు.

ముందుగా ప్రైవేటు ల్యాబు సంగతి. కాలుష్యం కలిగించినవారి మీద కోర్టులో నిలబడే సాక్ష్యం కావాలంటే, 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 21వ సెక్షను చెప్పిన పద్ధతిలోనే నమూనా తీయాలి. మండలి అధికారి ఆ స్థలం యజమానికి అక్కడికక్కడే నోటీసు ఇచ్చి, అతని ఎదుటే నమూనాను రెండు భాగాలు చేసి, సీసాలకు సీలు వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టాక ప్రయోగశాలకు పంపించాలి. ఆ క్రమం తప్పితే అంకెలు ఎంత ఘోరంగా ఉన్నా చెల్లవు. అందుచేత మీరు డబ్బు పోసి చేయించిన పరీక్షతో ఎవరికీ శిక్ష పడదు. అలాగని అది వృథా కూడా కాదు. ఏ కాలువ దగ్గర, ఏ వేళప్పుడు నమూనా తీస్తే అసలు సంగతి బయటపడుతుందో మండలికి చెప్పగలిగేది ఎప్పుడూ అక్కడే ఉండే మీరే.

ఆ వేళ అన్నది చిన్న విషయం కాదు. నీటిలో పచ్చని నాచు ఎక్కువగా ఉన్న చెరువులో పగలంతా ఎండకు నాచు ఆక్సిజన్ విడుదల చేస్తూనే ఉంటుంది కనుక, మధ్యాహ్నం పూట తీసిన నమూనాలో కరిగిన ఆక్సిజన్ చక్కగా కనిపిస్తుంది. రాత్రి అదే నాచు, దానితోపాటు మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఆ ఆక్సిజన్‌ను వాడేసుకోవడం వల్ల తెల్లవారే సరికి ఏమీ మిగలదు. చేపలు చచ్చేది ఆ వేళకే. 2016 మార్చిలో అలసూరు చెరువులో వేల చేపలు చచ్చి తేలినప్పుడు కూడా ఆక్సిజన్ పడిపోవడం గురించే చర్చ జరిగింది. పదకొండు గంటలకు జీపులో వచ్చి నమూనా తీసుకెళ్లే పద్ధతిలో ఇది దొరకదు. సూర్యోదయానికి ముందు కొలిచిన అంకె మీ దగ్గర ఉంటే దొరుకుతుంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఉపరితల జలాలను వాడకాన్ని బట్టి ఏ నుంచి ఇ వరకు అయిదు తరగతులుగా విభజించింది. చేపలకూ వన్యప్రాణులకూ పనికివచ్చే డి తరగతికి లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి, అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములకు మించకూడదు. స్నానానికి పనికివచ్చే బి తరగతికి ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములు ఉండాలి, బీవోడీ (నీటిలోని మురుగును కుళ్లబెట్టడానికి బ్యాక్టీరియాకు పట్టే ఆక్సిజన్; మురుగు పెరిగేకొద్దీ ఇదీ పెరుగుతుంది) 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మండలి నివేదికల్లో బెంగళూరు చెరువులు చాలావరకు డి, ఇ తరగతుల్లోనే కనిపిస్తాయి. ఇంటి మురుగు బీవోడీ సుమారు 200 ఉంటుందని గుర్తుపెట్టుకుంటే, చిన్న చెరువులోకి ఒక్క పైపు మురుగు చేరినా ఏమవుతుందో ఊహించవచ్చు.

ఆక్సిజన్ కొలవడానికి కిట్లు దొరుకుతాయి. చిన్న గాజు సీసాను నీటి అడుగునే నింపి, గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా బిరడా పెట్టి, రెండు రసాయనాల చుక్కలు వేసి తలకిందులుగా తిప్పాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే తెల్లని మడ్డి దిగుతుంది. తెల్లవారుజామున కట్ట మీద నిలబడి ఆ తెల్లని మడ్డిని చూసిన సంఘం సభ్యులకు ఇక వేరే ఉపన్యాసం అవసరం లేదు. బీవోడీ మాత్రం ఇంట్లో తేలే పని కాదు. నమూనాను మంచు పెట్టెలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చాలి, అక్కడ 27 డిగ్రీల వద్ద మూడు రోజులు ఉంచి చూస్తారు. మీలో చాలామంది దగ్గర ఉండే టీడీఎస్ మీటరును నమ్ముకుని తీర్పులు చెప్పకండి. అది కరిగిన లవణాలను చూపిస్తుందే గాని మురుగును నేరుగా చూపించదు. అయితే ఒకే కాలువలో దాని అంకె ఉన్నట్టుండి పెరిగితే, పైనుంచి కొత్తగా ఏదో కలిసిందని అనుమానించవచ్చు.

ఎప్పుడు కొలిచినా అదే చోట, అదే వేళకు కొలవండి. తేదీ, సమయం, ముందురోజు వాన పడిందా లేదా అన్నది తప్పక రాయండి. చేతికి తొడుగులు లేకుండా ఆ నీటిలో చేయి పెట్టకండి. మ్యాన్‌హోల్ మూత మాత్రం ఎవరూ తెరవకండి, ఎవరిచేతా తెరిపించకండి. అందులోని విషవాయువు మనిషికి తప్పించుకునే వ్యవధి ఇవ్వదు.

జవాబు 2: చెరువు బృందం సభ్యురాలు, ఉత్తర బెంగళూరు

పై జవాబు ఇచ్చిన ఇంజనీరు గారు నీటి సంగతి చెప్పారు కాబట్టి, నేను కాలువల సంగతి, కాగితాల సంగతి చెబుతాను.

చెరువులోకి నీరు ఎన్ని చోట్ల దిగుతోందో ముందు పటం గీయండి. ఇది వేసవిలోనే చేయవలసిన పని. ఎందుకంటే వానలు లేని ఏప్రిల్‌లో రాజకాలువ (వాననీటిని చెరువులకు చేర్చే పెద్ద కాలువ) ఎండిపోయి ఉండాలి. అప్పుడు కూడా అందులో నీరు పారుతోందంటే అది మురుగే. ఉదయం ఏడు నుంచి పది లోపు, ఇళ్లలో స్నానాలు, బట్టలు, వంట అన్నీ ఒక్కసారిగా సాగే వేళ, మట్టం పెరిగి మళ్లీ తగ్గుతుంటే ఇక అనుమానమే లేదు. కాలువ రాళ్ల మీద బూడిదరంగు జిగురు, గట్టు మొక్కలకు చుట్టుకున్న గుడ్డపీలికలు, నీరు కొద్ది ఎత్తునుంచి దూకేచోట తేలే సబ్బునురగ చూసి కూడా పోల్చుకోవచ్చు. సెప్టిక్ ట్యాంకులు తోడే లారీలు రాత్రిపూట కాలువలోకి వదిలేసిపోవడం నగర శివార్లలో మామూలైపోయింది. గొట్టం ఈడ్చిన గీత, చక్రాల గుర్తులు పొద్దున్నే చూస్తే తెలుస్తాయి. లారీని ఆపడానికి మాత్రం మీరు వెళ్లకండి. నంబరు, సమయం రాసుకుంటే చాలు.

పటం తయారయ్యాక ఎవరికి ఇవ్వాలన్నది అసలు చిక్కు. బెంగళూరులో ఒక చెరువుకు ఎన్ని శాఖలో చెప్పడం కష్టం. చెరువు నిర్వహణ ఇదివరకు నగరపాలక సంస్థ అయిన బీబీఎంపీది. 2025లో దాని స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, దాని కింద అయిదు నగరపాలక సంస్థలు వచ్చాయి కాబట్టి, మీ ప్రాంతం ఏ సంస్థ కిందకు వస్తుందో ముందు తేల్చుకోండి. మురుగు పైపులు, శుద్ధి కేంద్రాలు నగర నీటి సరఫరా, మురుగు పారుదల చూసే జలమండలివి. నీటి నాణ్యత కొలవడం, నోటీసులివ్వడం కాలుష్య నియంత్రణ మండలి పని. హద్దులు, ఆక్రమణలు రెవెన్యూ శాఖవి, కొలతకు తహసీల్దారు కార్యాలయానికి వెళ్లాలి. చేపలు పట్టే హక్కు వేలం మత్స్యశాఖది. వీటన్నిటినీ కలిపి ఒకే ఉత్తరం రాస్తే ప్రతి కార్యాలయమూ అది పక్కవాళ్లదని చెప్పి పంపించేస్తుంది. అందువల్ల ఒక ఉత్తరంలో ఒకే సమస్య రాయండి. ఫలానా మలుపు దగ్గర మురుగు పైపు పగిలి వాననీటి కాలువలో కలుస్తోందని, ఫోటో, అక్షాంశ రేఖాంశాలు, తేదీ జతచేసి జలమండలికి ఇచ్చి, నకలు కాలుష్య నియంత్రణ మండలికీ చెరువు అధికారికీ పంపండి. మీ అధికారి అన్నది మనస్ఫూర్తిగానే అయితే, ఆ నకలు ఆయన చేతికి ఆయుధం ఇచ్చినట్టే. తన శాఖది కాని పని గురించి పక్క శాఖకు రాయడానికి ఆయనకు ఒక ఆధారం దొరుకుతుంది.

మీ సముదాయం కట్టడ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు పైబడి ఉంటే, దానికి 2006 నాటి నోటిఫికేషను కింద పర్యావరణ అనుమతి తీసుకునే కట్టి ఉండాలి. ఆ అనుమతి షరతుల్లో మీ సొంత మురుగుశుద్ధి కేంద్రం గురించి ఏం రాసి ఉందో చూడండి. అది రాత్రిళ్లు కూడా నడుస్తోందా, లేక కరెంటు బిల్లు తగ్గించడానికి ఆపేసి ఓవర్‌ఫ్లో పైపును కాలువలోకి వదులుతున్నారా అన్నది ఫిర్యాదు రాయకముందే తేల్చుకోవాలి. కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు వచ్చాక మొదట తట్టేది మీ గేటే. చుట్టుపక్కల సముదాయాల అనుమతి పత్రాలు కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇక మురుగు అంతా పక్కకు మళ్లిస్తే చెరువు బాగుపడుతుందని కూడా అనుకోకండి. ఈ నగరంలో చాలా చెరువులకు పైనున్న పొలాలూ వంపులూ ఇళ్లకింద పోయాయి కనుక, వేసవిలో వాటికి వచ్చే నీరే మురుగునీరు. దాన్ని పూర్తిగా మళ్లిస్తే చెరువు ఎండి, మైదానంగా కనిపించి, ఆ తరువాత ఎవరి కళ్లు దాని మీద పడతాయో చెప్పనక్కరలేదు. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. జక్కూరు చెరువు దగ్గర అనుసరించిన పద్ధతి నాకు నచ్చుతుంది. అక్కడ పై భాగంలో జలమండలి శుద్ధి కేంద్రం ఉంది, మొదట దాని సామర్థ్యం రోజుకు కోటి లీటర్లు. అక్కడినుంచి వచ్చే నీరు జమ్ము పెరిగిన మడుగుల గుండా నెమ్మదిగా పారి, నాచును పెంచే నత్రజని, ఫాస్ఫరసు మిగిలినవి కొంత తగ్గాక చెరువులో కలుస్తుంది. జేపీ నగర్ పుట్టెనహళ్లి చెరువుకు 2011లో స్థానికుల ట్రస్టుతో బీబీఎంపీ ఒప్పందం చేసుకుంది. పక్కనున్న పెద్ద సముదాయం శుద్ధి చేసిన నీటిని కూడా ఆ చెరువుకు ఇస్తున్నారు. మీ శుద్ధి కేంద్రం బాగా నడిస్తే మీకూ ఆ దారి ఉంది.

జవాబు 3: వైట్‌ఫీల్డ్ పాఠకుడు

నా అభిప్రాయం కొంచెం వేరు. ఇవన్నీ జీతం తీసుకునే శాఖల పనులు. మనం పన్ను కట్టి, ఆపైన పటాలు గీసి, నీటిని కూడా మనమే కొలిస్తే, ఖాళీగా ఉన్న పోస్టులను భర్తీ చేయవలసిన అవసరమే ప్రభుత్వానికి ఉండదు. బెళ్లందూరు, వర్తూరు చెరువుల నురగ రోడ్డు మీదకు ఎగిరిపడినా, 2017 ఫిబ్రవరిలో బెళ్లందూరు చెరువు మంటలు రేపినా, శాఖలు కదిలింది పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్ కళ్లెర్రజేశాకనే. 2018 డిసెంబరులో ట్రైబ్యునల్ రాష్ట్రాన్ని 500 కోట్ల రూపాయలు విడిగా జమచేయమని ఆదేశించి, రాష్ట్ర ప్రభుత్వం మీద 50 కోట్లు, బీబీఎంపీ మీద 25 కోట్లు జరిమానా వేసిన సంగతి అందరికీ తెలిసిందే. వినతిపత్రాల వల్ల అది సాధ్యమయ్యేదా?

ఇంకొక భయం కూడా ఉంది. అపార్టుమెంటు సంఘాలు చెరువును అందుకోగానే ముందు కంచె వస్తుంది, తరువాత గేటు వేళలు వస్తాయి. గడ్డి కోసుకునేవాళ్లు, వల వేసుకునేవాళ్లు, గట్టు మీది గంగమ్మ గుడికి వచ్చేవాళ్లు, చాకలివాళ్లు బయటివాళ్లయిపోతారు. మనకంటే ముందునుంచీ ఆ చెరువు వాళ్లది.

జవాబు 4: విశ్రాంత ఇంజనీరు

కోర్టుకు వెళ్లవద్దని నేను అనలేదు. నేను ముందు చెప్పిన జల కాలుష్య చట్టంలోనే 49వ సెక్షను ప్రకారం, మండలికి 60 రోజుల ముందు నోటీసు ఇచ్చి మామూలు పౌరుడు కూడా కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు మండలి తన దగ్గరున్న సంబంధిత నివేదికలను అతను అడిగితే ఇవ్వాలి. ట్రైబ్యునల్ ముందు నిలబడ్డవారి చేతుల్లో కూడా ఏళ్లతరబడి పోగైన అంకెలు, ఫోటోలు ఉన్నాయన్నది మరవకండి. ఆధారాలు పోగుచేయడం సహకారానికీ పనికివస్తుంది, పోరాటానికీ పనికివస్తుంది. ఆ రెంటిలో ఏది చేయాలన్నది శాఖలు మీ ఉత్తరాలకు ఇచ్చే జవాబులను బట్టి తరువాత నిర్ణయించుకోవచ్చు.

గంగమ్మ గుడి విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. చేపలు ఎప్పుడు తేలాయి, ఏ గట్టున వాసన ముందు మొదలైంది, ఏ తూము ఎన్నాళ్లుగా మూసుకుపోయింది అన్న ప్రశ్నలకు వల వేసేవాళ్లు చెప్పేంత కచ్చితంగా మరెవరూ చెప్పలేరు. వాళ్లను పక్కన పెట్టుకుని గీసిన పటమే నమ్మదగినది.

జవాబు 5: కోలారు వాసి

మాది కోలారు జిల్లా, ఇంట్లో మాట్లాడేది తెలుగే. బెంగళూరువాళ్ల చెరువు చర్చ మాకు ఎందుకంటే, మీ మురుగు ఇప్పుడు శుద్ధి అయి మా చెరువులకు వస్తోంది. కోరమంగళ, చల్లఘట్ట లోయ పథకం కింద రోజుకు 44 కోట్ల లీటర్ల వరకు ద్వితీయ స్థాయి శుద్ధి (బ్యాక్టీరియాతో మురుగును తగ్గించే దశ) చేసిన నీటిని మా చెరువులకు పంపాలన్నది ఉద్దేశం. నీళ్లు 2018 జూన్‌లో వచ్చాయి. ఏళ్లుగా ఎండి తుమ్మచెట్లు మొలిచిన చెరువులో నీరు చూసి ఊళ్లు ఊళ్లే సంబరపడ్డాయి. జూలైలో లక్ష్మీసాగర చెరువులో నురగ కనిపించింది, విషయం హైకోర్టుకు వెళ్లింది, కొంతకాలం నీరు ఆగింది.

మాకు ఆ నీరు వద్దని నేను అనడం లేదు. బోర్లలో నీరు పైకి వచ్చిందని సంతోషించే రైతులు మా చుట్టూ చాలామంది ఉన్నారు. తృతీయ స్థాయి శుద్ధి (ఆ తరువాత మిగిలిన మలినాలను తీసే దశ) లేకుండా భూమిలోకి ఇంకించడం సరికాదని వాదించేవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటనూ తీసిపారేయలేము. బెళ్లందూరు, వర్తూరు దాటిన నీరు దక్షిణ పినాకినిలో కలిసి హొసూరు దగ్గరి కెలవరపల్లి డ్యాము వరకు వెళ్తుంది, అక్కడ కూడా నురగ పొంగుతున్న ఫోటోలు మీరు చూసే ఉంటారు. కాబట్టి సర్జాపుర నివాసి గారూ, మీరు కొలిచిన అంకెలు మీ చెరువు అధికారికి ఇచ్చి ఊరుకోకండి. మీ అలుగు దాటిన నీరు ఏ కాలువలో పడి ఏ చెరువుకు చేరుతుందో తెలుసుకుని, ఆ కింది ఊరి పంచాయతీకి కూడా ఒక నకలు ఇవ్వండి. పూర్వం చెరువు తూములు ఎత్తి దించే నీరుగంటికి పై చెరువు ఎప్పుడు అలుగు పారిందో కబురు అందేది. ఇప్పుడు మాకు ఏ కబురూ లేదు.

తిరిగి ప్రశ్న: సర్జాపుర నివాసి

అందరికీ ధన్యవాదాలు. మా శుద్ధి కేంద్రం లాగ్‌బుక్కును వచ్చే సమావేశంలో అందరి ముందూ తెరవాలని కార్యదర్శి గారిని అడిగాను. ఆయన ముఖం కొంచెం మారింది గాని ఒప్పుకున్నారు. చేపల వేలం పాడుకున్న కుటుంబంతో కూడా మాట్లాడుతున్నాము. బ్యాక్టీరియా ద్రావణం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ల మనిషి మళ్లీ శనివారం వస్తున్నాడు.

జవాబు 6: చెరువు బృందం సభ్యురాలు

మురుగు రోజూ దిగుతున్నంతకాలం ఏ ద్రావణమూ నిలవదు. వాసన కొన్నాళ్లు తగ్గవచ్చు, ఆ కొన్నాళ్లలోనే వాళ్లు బిల్లు తీసుకుని వెళ్తారు. ఫాస్ఫరసు నీటిలోంచి మాయం కాదు, మొక్క రూపంలోనో పూడిక రూపంలోనో బయటికి తీయవలసిందే. తేలియాడే మొక్కల తెప్పలు కొంతవరకు ఆ పని చేస్తాయి. హైదరాబాదు నెక్నాంపూర్ చెరువులో 2018లో పెద్ద తెప్ప ఒకటి వేశారు. అవైనా మొక్కలు కోసి బయట వేసే మనిషి ఉంటేనే పనికివస్తాయి. కోయకుండా వదిలేసిన గుర్రపుడెక్క కుళ్లి, లాగినదంతా మళ్లీ నీటికే ఇచ్చేస్తుంది.

పైగా చెరువు మీ సంఘానిది కాదు, ప్రభుత్వానిది. అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా అందులో ఏది చల్లినా, రేపు చేపలు చచ్చినప్పుడు వేలం పాడుకున్నవాళ్లు మిమ్మల్నే అడుగుతారు. శనివారం వచ్చే మనిషిని రెండే అడగండి. ఇది ఏ చెరువులో వాడారు, అక్కడ సూర్యోదయానికి ముందు ఆక్సిజన్ ముందెంత, తరువాతెంత అని. అంకెలు చూపిస్తే ఆ కాగితాన్ని ఇక్కడ పెట్టండి, ఇంజనీరు గారు చూసి చెబుతారు. చూపించకపోతే ఆ డబ్బుతో ఆక్సిజన్ కిట్టు, ఒక మంచు పెట్టె, ఏడాదికి సరిపడా బీవోడీ పరీక్షలు వస్తాయి.